శ్వాసపై చూపు నిలిపిన వైద్యుడు: ఎడ్వర్డ్ లారీ

నల్లమల కొండల మీద, అడవుల నడుమ ఉన్న అమ్రాబాదు నిజాం కాలంలో ఒక తాలూకా. నేడు అది నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. పాలమూరునకు 1890లో ఆ పేరు వచ్చినది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వలన అని ఆ ప్రాంతపు బడిపిల్లలందరికీ తెలుసు. కాని దానికి ముందటి యేడు, ఇరవై మూడేండ్ల ఆ ప్రభువు ఒక చిత్రమైన ప్రశ్నకు సమాధానం కొరకు వెయ్యి పౌనులు ఇచ్చుటకు సిద్ధపడినాడన్న సంగతి చాలమందికి తెలియదు. క్లోరోఫారం మత్తులో మనిషి మరణించినప్పుడు ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా? ప్రశ్న ఇంతే. ఈ ప్రశ్నను హైదరాబాదునకు తెచ్చినవాడు, దాని కొరకు లండన్ పండితులతో కలహించినవాడు, చివరకు దానిలోనే సగం గెలిచి సగం ఓడినవాడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

లారీ 1846లో జన్మించినారు. వైద్యవిద్య ఎడింబరోలో జరిగినది. ఆయన పుట్టిన యేడే అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ అను ద్రవం ఆవిరిని పీల్పించి రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసినారు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడింబరోలోనే సింప్సన్ అను ప్రసూతి వైద్యుడు క్లోరోఫారమును కనిపెట్టినాడు. అనగా ఆ ద్రవమును కాదు, దాని మత్తు గుణమును. ఆ రోజులలో శస్త్రచికిత్స అంటే రోగిని నలుగురు పట్టుకొని ఉండగా కోయుట. అట్టి కాలంలో ఒక గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టినంత మాత్రాన మనిషి నిద్రపోవుట దైవానుగ్రహం వలెనే తోచి ఉండాలి.

ఆ సంబరం మూడు నెలలైనా నిలువలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో హన్నా గ్రీనర్ అను పదిహేనేండ్ల బాలికకు కాలివ్రేలి గోరు తీయుటకు క్లోరోఫారం ఇచ్చినారు. ఆ పిల్ల భయంతో వెక్కివెక్కి ఏడుస్తూనే కుర్చీలో కూర్చున్నది. కొద్ది నిమిషాలలో మరణించినది. ఒక గోరు కొరకు ఒక ప్రాణం పోయినది. అటుపిమ్మట అట్టి మరణాలు ఒకటి వెంట ఒకటి పత్రికలకెక్కినవి. చనిపోయినవారిలో పలువురు బలహీనులు కారు, పెద్ద శస్త్రచికిత్సకు వచ్చినవారూ కారు. పన్ను పీకించుకొనుటకు వచ్చిన ఆరోగ్యవంతులు.

ఈ మరణాల కారణం విషయంలో బ్రిటిష్ వైద్యలోకం రెండుగా చీలినది. ఎడింబరో వారికి గురువు శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్. రోగి ఊపిరిని కనిపెట్టి ఉండుడు, నాడి పట్టి చూడవలసిన పని లేదు అన్నది ఆయన మతం. లండన్ వారి నమ్మకం వేరు: క్లోరోఫారం తిన్నగా గుండెను చంపగలదు, కనుక చేయి నాడి మీదనే ఉండాలి. లారీ సైమ్ శిష్యులు. గురువు చెప్పిన మాటను ఆయన సిద్ధాంతంగా కాదు, వ్రతంగా పట్టుకొన్నారు.

ఇందులోని శాస్త్రం తెలియాలంటే నాడీకణాల గుంపుల సంగతి కొంత చెప్పుకొనవలెను. మన శరీరంలోని నాడీకణాలు చెల్లాచెదురుగా ఉండవు. ఒకే పనికి సంబంధించిన కణాలు ఒకచోట గుమిగూడి ఉంటవి. మెదడు, వెన్నుపాములకు వెలుపల ఉన్న గుంపులను నాడీసంధులని అంటారు. మెదడు లోపల ఉన్నవాటిని కేంద్రకాలు, కేంద్రాలు అని వ్యవహరిస్తారు. నిజాం రాజ్యపు పాలనతో పోల్చిన విషయం సుబోధం కాగలదు. అమ్రాబాదు తహసీలు కచేరికి వచ్చిన ప్రతి అర్జీ హైదరాబాదునకు పోదు. కొన్నింటిని తహసీల్దారే పరిష్కరిస్తాడు, కొన్నింటిని పై అధికారికి పంపుతాడు, పైనుండి వచ్చిన హుకుములను తన క్రింది గ్రామాలకు పంచుతాడు. నాడీసంధులు అట్టి తాలూకా కచేరులు. వెన్నెముకకు ఇరుప్రక్కల గొలుసు వలె ఇవి వరుసగా ఉన్నవి. గుండె గోడలలోనే కొన్ని చిన్న నాడీసంధులున్నవని 1840వ దశకంలో రెమాక్ అను జర్మన్ పండితుడు చూపినాడు. వేగస్ నాడి ద్వారా మెదడు నుండి వచ్చు ఆజ్ఞ అక్కడికి చేరి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇక గొలుసులోని నాడీసంధులు దీనికి విరుద్ధంగా గుండెను పరుగెత్తిస్తవి. ఎద్దుబండికి ఒకడు పగ్గం బిగపట్టగా మరొకడు ముల్లుకర్ర పట్టినట్లు ఈ రెండు శక్తుల నడుమ గుండె నడుస్తుంది.

ఊపిరి పని వేరు. గుండెను దేహం నుండి వేరు చేసినను కొంతసేపు కొట్టుకొంటుంది. ఊపిరికి ఆ స్వాతంత్ర్యం లేదు. మెదడు అడుగుభాగాన, వెన్నుపాము మొదలయ్యే చోట మజ్జాముఖమనే భాగమున్నది. ఊపిరికి మూలస్థానం అక్కడనే ఉన్నదని 1810 ప్రాంతంలో లెగల్వా అను ఫ్రెంచి వైద్యుడు కుందేళ్లపై పరిశోధించి కనుగొన్నాడు. ఆ చిన్న గుంపులోని కణాలు మూగబోతే ఊపిరితిత్తులు ఎంత ఆరోగ్యంగా ఉన్నను ఒక్క శ్వాసయైనా ఆడదు. క్లోరోఫారం మోతాదు మించినప్పుడు మూగబోవునది ఈ గుంపే అని లారీ వాదం.

భారత వైద్యసేవలో చేరి 1870వ దశకంలో ఈ దేశమునకు వచ్చిన లారీ కొంతకాలం లాహోరులో శస్త్రశాస్త్రం బోధించినారు. 1885లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను అయినారు. ఆ పదవితో పాటు మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, 1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్యపాఠశాల ఆయన అధీనంలోనికి వచ్చినవి. ఆ పాఠశాలలో ఉత్తీర్ణులైనవారికి హకీములని పేరు. జిల్లాల దవాఖానాలకు పోయి వైద్యం చేసినవారు వారే. అంతవరకు బోధన ఉర్దూలో సాగేది. లారీ కాలంలో ఇంగ్లీషునకు మారినది. ఆ మార్పు మేలా కీడా అన్నది వేరే చర్చ. కాని స్త్రీలకు పాఠశాల తలుపులు తెరచుట విషయంలో మాత్రం ఆయనను మెచ్చుకొనక తప్పదు. 1885లో చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ యువతి ఒకరు. ఆమె 1889లో ఉత్తీర్ణురాలై, క్లోరోఫారం ఇచ్చుటలో ప్రావీణ్యం సంపాదించి, పిదప ఎడింబరో వెళ్లి చదివి వచ్చినది. ప్రపంచంలో తొలి స్త్రీ మత్తువైద్యురాలు ఆమెయే అని చెప్పువారు కలరు.

ఈథర్ ఉండగా క్లోరోఫారం పట్ల ఇంత పట్టుదల ఎందుకని విద్యార్థులు అడుగవచ్చు. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది. హైదరాబాదు వేసవిలో సీసా మూత తీయగానే సగం గాలిలో కలిసిపోతుంది. పైగా దీపం తగిలితే మండుతుంది. క్లోరోఫారం మరిగేది 61 డిగ్రీల వద్ద. మంట భయం లేదు, కొద్దిపాటి చాలును, మోసుకొనిపోవుట సులభం. మారుమూల తాలూకా దవాఖానాలోని హకీమునకు అంతకంటె అనువైన మందు ఆనాడు లేదు. లారీ అఫ్జల్‌గంజ్‌లో తన శిష్యులకు ఇచ్చిన శిక్షణ కఠినమైనది. క్లోరోఫారం ఇచ్చువాని కన్ను రోగి శ్వాస మీద తప్ప మరి దేని మీదను ఉండరాదు. కత్తి వైపు చూడరాదు, నాడి పట్టరాదు. రోగి పూర్తిగా మత్తులో మునుగక ముందు శస్త్రచికిత్స ప్రారంభించరాదు. ఈ చివరి నియమమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దాని విలువ లారీకే పూర్తిగా తెలియదు.

ఈ పద్ధతిలో ఆయన పర్యవేక్షణలో వేలాది రోగులకు క్లోరోఫారం ఇచ్చినారు. కాని లండన్ వారు అనుభవాన్ని లెక్కచేసేవారు కారు. 1880లో గ్లాస్గో పండితుల సంఘం ఒకటి క్లోరోఫారం గుండెనే దెబ్బతీస్తుందని ప్రకటించి ఉన్నది. దానికి ప్రతిగా 1888లో లారీ నిజాం ప్రభుత్వపు ఖర్చుతో హైదరాబాదులో ఒక పరిశోధక సంఘమును ఏర్పరచినారు. నూటికి పైగా కుక్కలకు చనిపోవువరకు క్లోరోఫారం ఇచ్చి చూడగా ప్రతిసారి ఊపిరియే ముందాగినది, గుండె తరువాత ఆగినది. కుక్కల బలి నేటి పాఠకునికి కష్టం కలిగించవచ్చు. హన్నా గ్రీనర్ వంటివారి మరణాలు ఆపుటకు అప్పటివారికి వేరు మార్గం కనిపించలేదు.

1889 ఆరంభంలో వైద్యపాఠశాల బహుమతి ప్రదానసభకు కన్నాట్ ప్రభువు భార్య వచ్చినప్పుడు లారీ ఈ ఫలితాలను సగర్వంగా వెల్లడించినారు. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఆ ఉపన్యాసంపై వ్యాఖ్యానిస్తూ సందేహం వెలిబుచ్చినది. మరొకరైతే అంతటితో ఊరకుండేవారు. లారీ నిజామును ఒప్పించి, నమ్మకం లేకపోతే మీ మనిషినే పంపుడు, వెయ్యి పౌనుల ఖర్చు మాది అని పిలిపించినారు. ప్రధానమంత్రి ఆస్మాన్‌జా దానికి సమ్మతించినాడు. లాన్సెట్ వారు ఎన్నుకొన్నది సర్ లాడర్ బ్రంటన్ అని పిమ్మట ప్రసిద్ధికెక్కిన పండితుని. ఎదనొప్పికి ఆమిల్ నైట్రైటు వాడుక 1867లో కనిపెట్టినవాడు. గుండె సంగతి తెలిసినవాడు. గుండెకు ప్రమాదమున్నదని నమ్మినవాడు. లారీకి ఇంతకంటె తగిన ప్రతివాది దొరకడు.

1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు హైదరాబాదులో ఆ పని ఎడతెరపి లేకుండ సాగినది. లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డు అను సైనిక వైద్యుడు, రుస్తుంజీ హకీము సంఘసభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలసి నాలుగు వందలకు పైగా ప్రయోగాలు జరిగినవి. రక్తపుపోటును పాదరసపు కొలతగొట్టంతో కొలిచి, మసిబారిన కాగితం మీద గీతలుగా నమోదు చేసినారు. అరణ్యాల నడుమ ఉన్న ఒక స్వదేశ సంస్థానంలో ఇంత పెద్ద శరీరశాస్త్ర పరిశోధన జరుగుట ఆ కాలానికి అపూర్వం. డిసెంబరు నాటికి బ్రంటన్ అభిప్రాయం మారినది. క్లోరోఫారం వలని ప్రమాదం ఊపిరి ఆగుట లేక మోతాదు మించుటయే గాని గుండెపై తిన్నగా పడు దెబ్బ కాదని లండనుకు తంతి పంపినాడు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రకటించినది.

ఆ నివేదికలో వేగస్ నాడిని గూర్చిన భాగం విచిత్రమైనది. క్లోరోఫారం ఇచ్చినప్పుడు ఒక్కొక్కసారి వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేయుట వారు చూచినారు. దీనినే లండన్ వారు ప్రమాదమని చెప్పుతూ వచ్చినారు. లారీ దానిని తిరగవేసి, అది ప్రకృతి ఏర్పరచిన రక్షణ అన్నారు. గుండె నెమ్మదించినప్పుడు విషం మెదడునకు చేరుట కూడ నెమ్మదిస్తుంది కదా! రక్తపుపోటు పడిపోవుటకు కారణం గుండె బలహీనత కాదనీ, మజ్జాముఖంలోనే రక్తనాళాల బిగువును ఏలు మరొక కణాల గుంపు మత్తులో మునుగుటయే అనీ, అది హాని కాదనీ ఆయన వాదించినారు. వాదం చక్కనిది. అంతా మెదడులోని గుంపులపైకి నెట్టి గుండెను నిర్దోషిగా విడిచిపెట్టినది. ఇక్కడనే ఆయన తొందరపడినారు.

అదే 1889లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ, డికిన్సన్ అను ఇద్దరు శరీరశాస్త్రజ్ఞులు మెడలోని నాడీసంధి మీద పొగాకు సారమైన నికొటిను పూసి, సందేశం ఆ సంధి వద్దనే ఆగిపోవుట చూపినారు. నాడులు ఎక్కడ కేవలం దాటిపోతున్నవో, ఎక్కడ ఒక కణం నుండి మరొక కణమునకు సందేశం అప్పగిస్తున్నవో గుర్తించు ఉపాయం దానితో చేతికి వచ్చినది. నాడీసంధి అనునది దారిలోని ముడి కాదు, కచేరి అని రుజువైనది. ఆ కేంబ్రిడ్జి నుండే లారీకి మొదటి దెబ్బ తగిలినది.

నాడీసంధుల గొలుసును వెన్నుపాముతో కలుపు మార్గాలను 1886లో చిత్రించిన గాస్కెల్, షోర్ అను సహచరునితో కలసి హైదరాబాదు నివేదికను పరీక్షకు పెట్టినాడు. వారి ఉపాయం సరళం, చేయుట మాత్రం మిక్కిలి కష్టం. ఒక జంతువు మెదడునకు మరొక జంతువు రక్తం ప్రవహించునట్లు రక్తనాళాలు కలిపినారు. ఇక క్లోరోఫారమును మెదడునకు మాత్రమే గాని, గుండెకు మాత్రమే గాని అందించవచ్చును. మెదడునకు మాత్రమే చేరినప్పుడు రక్తపుపోటు పడిపోలేదు సరికదా, పెరిగినది. గుండెకు చేరినప్పుడు పడిపోయినది. అనగా దోషి గుండెలోనే ఉన్నాడు. 1893లో వెలువడిన ఈ ఫలితమును లారీ అంగీకరించలేదు. ఎనిమిదేండ్ల తరువాత, 1901లో, క్లోరోఫారముపై ప్రకటించిన గ్రంథంలోను ఆయన పూర్వాభిప్రాయంలోనే నిలిచినారు. అదే సంవత్సరం ఉద్యోగవిరమణ చేసినారు.

లారీ మొండితనమును నిందించుట సులభం. కాని ఆయన కన్నులారా చూచినది అబద్ధం కాదు. హైదరాబాదులో జంతువులకు ఇచ్చినది పెద్ద మోతాదు. మోతాదు మించినప్పుడు మజ్జాముఖంలోని శ్వాసకేంద్రమే ముందు మూగబోవును; వందలసార్లు చూచినను అదే కనిపించును. హన్నా గ్రీనర్‌కు ఇచ్చినది పెద్ద మోతాదు కాదు. ఆ మరణం వేరు జాతి మరణం. అది హైదరాబాదు బల్లల మీద కనిపించే అవకాశమే తక్కువ, ఎందుకనగా దానికి కావలసినది లోతైన మత్తు కాదు, పైపై మత్తు; దానితో పాటు భయం.

1911లో గుడ్‌మన్ లెవీ అను లండన్ వైద్యుడు పిల్లులపై ఆ రహస్యం బయటపెట్టినాడు. తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉన్న పిల్లికి అడ్రినలిన్ ఎక్కించగా గుండె క్షణంలో లయ తప్పి, క్రింది గదుల కండరం పురుగుల మూట వలె వణకి, రక్తమును తోయుట మానినది. లోతైన మత్తులో ఇది జరుగలేదు. భయపడిన మనిషిలో ఏమి జరుగునో ఆలోచింపుడు. వెన్నెముక ప్రక్కనున్న నాడీసంధులు గుండెను అదలిస్తవి. మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు అడ్రినలినును రక్తంలోనికి వదలుతవి. ఆ గ్రంథి లోపలి భాగం పుట్టుకచేత నాడీసంధియే. పిండదశలో నాడీసంధుల కణాలు ఏ మూలం నుండి వచ్చునో అవియు అక్కడ నుండియే వచ్చినవి. తీగలు చాచుటకు బదులు రసమును స్రవించుట నేర్చుకొన్నవి. క్లోరోఫారం సోకిన గుండె ఆ అదలింపును తాళలేదు. ఏడుస్తూ కుర్చీలో కూర్చున్న పదిహేనేండ్ల పిల్ల మరణానికి అరవై మూడేండ్ల తరువాత దొరికిన సంజాయిషీ ఇది.

లారీ నియమం ఇప్పుడు మరల తలచుకొనవలెను. రోగి పూర్తిగా మత్తులో మునుగక ముందు కత్తి తాకరాదని ఆయన అఫ్జల్‌గంజ్‌లో పట్టుబట్టినారు. ఆయన దృష్టిలో అది సక్రమ శిక్షణలో ఒక భాగం మాత్రమే. లెవీ చూపిన ప్రమాదం పొంచి ఉన్నది సరిగా ఆ పైపై మత్తు దశలోనే. ఏ గుండెకు ప్రమాదమే లేదని లారీ వాదించినారో, ఆ గుండెనే ఆయన నియమం కాపాడుతూ వచ్చినది. అయితే రెండవ వైపు కూడ చెప్పకపోతే న్యాయం కాదు. గుండె మాట మరచిపొండని ఆయన చెప్పిన మాటను నమ్మి, ఆయనకున్న శిక్షణ లేకుండ ఈ మందు వాడినవారు లోకంలో ఎందరో ఉన్నారు. క్లోరోఫారం మరణాలు హైదరాబాదు నివేదిక తరువాత కూడ ఆగలేదు.

లెవీ ఫలితం వెలువడిన నాలుగేండ్లకు, 1915లో, లారీ మరణించినారు. అంతకు ముందే 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయినది. దాని స్థానంలో ఉస్మానియా ఆసుపత్రి లేచినది. వైద్యపాఠశాల ఉస్మానియా వైద్యకళాశాలగా మారినది. ఇరవయ్యవ శతాబ్ది నడుమ నాటికి క్లోరోఫారం శస్త్రశాలల నుండి తప్పుకొన్నది.

లారీ జీవితమంతా కాపలా కాచిన ఆ శ్వాసకేంద్రంలో లయను పుట్టించు కణాలు సరిగా ఎక్కడున్నవో 1991 వరకు తేలలేదు. ఆ యేడు స్మిత్, ఫెల్డ్‌మన్ మొదలైన శాస్త్రజ్ఞులు ఎలుకపిల్లల మజ్జాముఖమును పలుచని బిళ్లలుగా కోసి, దేహం నుండి వేరైన తరువాత కూడ ఊపిరి లయను తనంతట తాను కొట్టుచున్న ఒక చిన్న గుంపును పట్టుకొన్నారు. దానికి ప్రీబోట్సింగర్ సముదాయమని పేరు. బోట్సింగర్ అనునది ఒక జర్మన్ ద్రాక్షసారాయి పేరు. శాస్త్రజ్ఞుల విందులో బల్ల మీదనున్న సీసా నుండి ప్రక్క గుంపునకు ఆ పేరు వచ్చినది, దానిని బట్టి దీనికిట్లు వచ్చినది. కొన్ని వేల కణాల గుంపు. తల్లి కడుపు నుండి బయటపడిన క్షణం మొదలు మనిషికి తెలియకుండగనే అది పని చేస్తూ ఉంటుంది. నేటి శస్త్రశాలలో రోగి తల దగ్గర కూర్చున్న మత్తువైద్యుడు ఊపిరిని, గుండెను రెండింటినీ యంత్రాల మీద చూస్తూ ఉంటాడు.